పొలం కింద పైపు, పైపు లోపల తుప్పు

రాత్రి తొమ్మిది దాటాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా రోడ్డు పక్కన చూస్తే అమలాపురం, రాజోలు, కాకినాడ బోర్డులు పెట్టుకున్న బస్సులు కనబడతాయి. మూటలతో, పిల్లలతో జనం ఎక్కుతుంటారు. పొద్దున్నే అక్కడి నుంచి మళ్ళీ ఇక్కడికి దిగుతారు. ఇదే దారిన ఇంకొకటి కూడా వస్తూ ఉంటుంది. దానికి బోర్డు లేదు, బస్సు లేదు. కృష్ణా-గోదావరి బేసిన్లో తీసిన గ్యాసు, విశాఖలో శుద్ధి చేసిన పెట్రోలు, డీజిలు భూమిలో మీటరు లోతున ఉక్కు పైపుల్లో పారుతూ వస్తాయి. ఆ పైపుల మీద మనం నాగలి వేస్తాం, పత్తి గింజ పెడతాం, నాటు వేస్తాం. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయేదాకా నల్లగొండ బత్తాయి ఈ చౌరస్తా దాటే నగరంలోకి వచ్చేది. బత్తాయి లారీ అందరికీ కనబడేది, ధర పడిపోతే గొడవ కూడా అందరికీ వినబడేది. భూమిలో పోయే గ్యాసు కనబడదు కనుక దాని గురించి అడిగేవాళ్ళూ తక్కువ.

జూన్ 27 మళ్ళీ వచ్చింది. 2014లో అదే రోజు తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో (ఊరి పేరే నగరం, ఇప్పుడు అది కోనసీమ జిల్లాలో ఉంది) గెయిల్ సంస్థకు చెందిన 18 అంగుళాల గ్యాస్ పైపులైను పగిలింది. తాటిపాక నుంచి కృష్ణా జిల్లా కొండపల్లిలోని ల్యాంకో విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకుపోయే లైను అది. గ్యాసు ఊరి మీద పరుచుకుంది. ఒక టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పటి పత్రికలన్నీ రాశాయి. నిద్రలో ఉన్నవాళ్ళు, లేచి బయటికి పరుగెత్తినవాళ్ళు ఇరవై మందికి పైగా కాలి చనిపోయారు. ఇళ్ళు, దుకాణాలు, పశువులు, కొబ్బరి తోట ఏదీ మిగల్లేదు. నిలబడి కాలిపోయిన కొబ్బరి చెట్ల ఫొటోలు చూసినవారెవరూ మరిచిపోలేరు. మృతుల కుటుంబాలకు గెయిల్, కేంద్రం, రాష్ట్రం అన్నీ కలిపి 25 లక్షల చొప్పున ప్రకటించాయి.

పదేళ్ళు దాటిపోయాయి. దీని గురించి ఇప్పుడు మళ్ళీ రాయడమెందుకని కొందరు కార్యకర్తలు అడగవచ్చు. తెలంగాణ పత్రికలో కోనసీమ సంగతి ఎందుకని ఇంకొందరు అనవచ్చు. నగరం గ్రామంలో పైపు పగలడానికి కారణమైన తుప్పుకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు కనుక రాస్తున్నాం.

తుప్పు గురించి రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బోరులో దించిన జీఐ పైపులు నాలుగైదేళ్ళకు పైకి తీసినప్పుడు వాటి ఒంటి మీద గుంటలు గుంటలుగా తినేసి ఉండటం మనం చూసిందే. పైకి బాగానే కనబడే పైపు, పాన పెట్టి తిప్పగానే చేతిలో విరిగిపోతుంది. అందుకే ఇవాళ చాలామంది నల్ల హెచ్‌డీపీఈ పైపులకు మారారు. గ్యాసు పైపులోనూ జరిగేది అదే. కాకపోతే అక్కడ పైపు లోపల నీటికి బదులు గ్యాసు ఉంటుంది, అదీ విపరీతమైన ఒత్తిడితో. పైపు విరిగితే మోటారుతో ఆగదు, ఊరు పోతుంది.

బావిలోంచి పైకి వచ్చే గ్యాసు మన పొయ్యిలో మండే గ్యాసులా శుభ్రంగా ఉండదు. దానితో పాటు నీటి ఆవిరి, కొంత చమురు ద్రవం, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. కొన్ని బావుల్లో కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వస్తుంది. పైపులో పోతూ గ్యాసు చల్లబడగానే ఆవిరి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు పల్లమున్న చోట, పైపు అడుగున నిలుస్తాయి. అందులో కార్బన్ డయాక్సైడ్ కరిగితే అది సోడా అవుతుంది. మనం గోలీసోడా తాగితే తేన్పు వస్తుంది. అదే సోడా రాత్రింబగళ్ళు ఉక్కు మీద నిలబడితే ఉక్కును తింటుంది. పైపు మొత్తం సమానంగా అరిగిపోతే కొంత నయం. ఇది అలా తినదు. ఒక చోట గుంట పెట్టి, ఆ గుంటనే లోతు చేసుకుంటూ పోతుంది. నీళ్ళలో పెరిగే కొన్ని రకాల సూక్ష్మజీవులు కూడా ఆ గుంటల్లో చేరి పని త్వరగా ముగిస్తాయి. ఇలాంటి పైపుల గోడ మందం సాధారణంగా సెంటీమీటరు లోపే. ఏ రక్షణా లేకపోతే ఈ రకం తుప్పు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు కూడా తినగలదు. లెక్క మీరే వేసుకోండి.

దీనికి మందు లేదా అంటే ఉంది, కొత్తదేమీ కాదు. గ్యాసును పైపులోకి పంపేముందే దానిలోని తడిని తీసేయాలి. గ్లైకాల్ అనే ద్రవం గుండా గ్యాసును పోనిస్తే అది నీటిని పీల్చేసుకుంటుంది. వడ్లు ఆరబెట్టకుండా గోదాములో పోస్తే బూజు పడుతుందని మనకు తెలిసినట్టే, గ్యాసు ఆరబెట్టకుండా పైపులో పోస్తే తుప్పు పడుతుందని ఆ ఇంజినీర్లకూ తెలుసు. దానికి గ్యాస్ డీహైడ్రేషన్ యూనిట్ అని పేరు. నగరం ఘోరంపై పెట్రోలియం మంత్రిత్వ శాఖ వేయించిన విచారణలో బయటపడ్డ ముఖ్య విషయం ఇదే: పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన పైపులో, తాటిపాక దగ్గర ఆ యూనిట్ పెట్టకుండానే, ఏళ్ళ తరబడి తడి గ్యాసు పంపారు. గ్యాసు తీసేది ఓఎన్‌జీసీ, మోసేది గెయిల్. రెండూ ప్రభుత్వరంగ సంస్థలే, రెండింటిలోనూ నిపుణులకు కొదవ లేదు. తెలియక జరిగిందని ఎవరూ అనలేరు.

ప్రభుత్వరంగమంటే మన సంఘానికి మొదటి నుంచీ గౌరవం. ఓఎన్‌జీసీని, గెయిల్‌ను ముక్కలు చేసి అమ్మొద్దని మనమూ జెండాలు పట్టుకున్నాం. అందువల్లనే ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ప్రజల పొలం కింద నడిపే పైపును బాగుచేయకపోతే, రేపు అమ్మకానికి పెట్టేవాడికి ఆ సంస్థే సాకు ఇచ్చినట్టవుతుంది. ఇక ప్రైవేటు వాళ్ళు ఇంతకంటే బాగా చూస్తారనే భ్రమ ఎవరికైనా ఉంటే అమెరికా వైపు చూడాలి.

2000 ఆగస్టు 19న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో కార్ల్స్‌బాడ్ దగ్గర ఎల్ పాసో అనే ప్రైవేటు కంపెనీ గ్యాస్ పైపు పగిలింది. అదీ తెల్లవారుజామునే. పెకోస్ నది ఒడ్డున గుడారాలు వేసుకుని పడుకున్న ఒకే బంధువర్గానికి చెందిన 12 మంది చనిపోయారు. 1950లో వేసిన ఆ 30 అంగుళాల పైపు అడుగున నీళ్ళు నిలిచి, లోపలి నుంచి తుప్పు తినేసి గోడ పల్చబడిందని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. పైపు ఆ భాగంలో పరీక్ష యంత్రం దూరే వీలే లేదట. ఆరేళ్ళ తర్వాత, 2006 మార్చిలో, అలాస్కాలోని ప్రుడో బే చమురు క్షేత్రంలో బీపీ కంపెనీ పైపు ఇదే విధంగా లోపలి తుప్పుతో చిల్లుపడి రెండు లక్షల గాలన్లకు పైగా ముడి చమురు మంచు నేల మీద పారింది. ఆ పైపులో తుప్పు కొలిచే యంత్రాన్ని చివరిసారి పంపింది 1998లో! ఎనిమిదేళ్ళు లోపలికి చూడలేదు. 2007లో బీపీ అక్కడి కోర్టులో నేరం ఒప్పుకుంది. ప్రపంచంలోకెల్లా డబ్బున్న కంపెనీ కూడా ఖర్చు మిగిల్చుకోవాలనుకుంటే మొదట మిగిల్చుకునేది కంటికి కనబడని పని మీదే.

ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. కార్ల్స్‌బాడ్ తర్వాత 2002లో అమెరికా కొత్త పైపులైన్ భద్రతా చట్టం చేసింది. జనం ఉండే చోట్ల పైపులను గడువు ప్రకారం లోపలి నుంచి పరీక్షించడం తప్పనిసరి అయింది. ప్రమాదంపై విచారణ నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు. తన ప్రాంతంలో ఏ పైపు పోతోంది, ఎవరిది అన్నది సామాన్యుడు పటంలో చూసుకోవచ్చు. మన దగ్గరా నిబంధనలు లేకపోలేదు. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు 2006 చట్టం కింద ఏర్పడింది. 2009లో గ్యాస్ పైపుల సాంకేతిక, భద్రతా ప్రమాణాలు ప్రకటించింది, 2012లో పైపుల పటిష్ఠత చూసుకోవడానికి వేరే నిబంధనలూ తెచ్చింది. అంటే నగరం గ్రామంలో పైపు పగిలే నాటికి ఈ కాగితాలన్నీ ఉన్నాయి. కాగితం బోర్డు నుంచి కంపెనీకి పోతుంది, కంపెనీ నుంచి బోర్డుకు తిరిగి వస్తుంది. మధ్యలో పొలం ఉన్న రైతుకు మాత్రం రాదు.

ఈ సంపాదకీయం చెప్పదలచుకున్నది ఇదే కనుక కొంచెం విడమరిచి చెప్పాలి. పైపు లోపల తుప్పు ఎంత పట్టిందో తెలుసుకోవడానికి ఇవాళ సాధనం ఉంది. పందిపిల్ల అన్న అర్థంలోనే దాన్ని పిగ్ అంటారు. మామూలు పిగ్ పైపులో నిలిచిన నీటిని, మడ్డిని గొట్టం కడిగినట్టు ముందుకు తోసుకుపోతుంది. ఇంకో రకం ఉంది, తెలివైన పిగ్. దానికి అయస్కాంతాలు, కొలిచే పరికరాలు ఉంటాయి. గ్యాసు ఒత్తిడితోనే కిలోమీటర్ల కొద్దీ ప్రయాణించి, ఏ చోట గోడ ఎంత పల్చబడిందో రాసుకుని బయటికి వస్తుంది. ఫలానా సర్వే నంబరు దగ్గర పైపు అడుగున గోడ మందం సగానికి తగ్గింది అన్నంత వివరంగా చెప్పవచ్చు. ఆ లెక్క కంపెనీ కంప్యూటరులో ఉంటుంది. ఆ సర్వే నంబరు ఎవరిదో, ఆ మనిషికి మాత్రం తెలియదు. అతను దాని మీద పశువును కట్టేస్తాడు, పక్కన గుడిసె వేసుకుంటాడు, పిల్లల్ని పడుకోబెడతాడు.

1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం చదివితే ఈ అన్యాయం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఈ చట్టం కింద కంపెనీ మీ భూమిని కొనదు. పట్టా మీ పేరునే ఉంటుంది, పాసుపుస్తకం మీదే. భూమిలో పైపు వేసుకుని వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. మూడో సెక్షన్ కింద ప్రకటన వస్తుంది. దాని ప్రతులు జనానికి అందుబాటులో పెట్టిన నాటి నుంచి 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. ఆ ప్రకటన గెజిట్లో వస్తుంది. గెజిట్ చదివే రైతు ఎవరో మాకైతే ఇంతవరకు ఎదురుపడలేదు. హక్కు తీసుకున్న తర్వాత ఎనిమిదో సెక్షన్ ప్రకారం పైపును చూడటానికి, పరీక్షించడానికి, బాగుచేయడానికి కంపెనీ మనిషి మీకు తగిన నోటీసు ఇచ్చి మీ పొలంలోకి రావచ్చు. అత్యవసరమైతే నోటీసు కూడా అక్కర్లేదు. మంచిదే, రావాలి, చూడాలి. చూసి వెళ్ళినవాడు ఏం కనబడిందో మీకు చెప్పాలన్న మాట మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు.

తొమ్మిదో సెక్షన్ మీకు వర్తిస్తుంది. ఆ పట్టీలో ఇల్లు గానీ మరే కట్టడం గానీ కట్టకూడదు. బావి, చెరువు, కుంట తవ్వకూడదు. చెట్టు నాటకూడదు. పదో సెక్షన్ నష్టపరిహారం సంగతి. పైపు వేసేటప్పుడు పోయిన పంటకు, కొట్టేసిన చెట్లకు డబ్బు కడతారు. అది కాక, ప్రకటన వచ్చిన నాటి భూమి మార్కెట్ విలువలో పది శాతం ఇస్తారు. ఒక్కసారి, అంతే.

ఒక ఉదాహరణ లెక్క కడదాం. పైపు పట్టీ 18 మీటర్ల వెడల్పు ఉందనుకోండి, మీ చేనులో వంద మీటర్ల పొడవున పోయిందనుకోండి. అంటే 1,800 చదరపు మీటర్లు, దాదాపు 18 గుంటలు. సర్కారు లెక్కలో ఎకరం పది లక్షలనుకుంటే 18 గుంటల విలువ నాలుగున్నర లక్షలు. అందులో పది శాతం 45 వేలు. ఈ 45 వేలకు మీరు ఆ 18 గుంటల్లో తరతరాలకూ బత్తాయి మొక్క పెట్టకూడదు, బోరు వేయకూడదు, కొట్టం కట్టకూడదు. మామూలు దూరంలో నాటితే ఆ జాగాలో నలభైకి పైగా బత్తాయి చెట్లు పట్టేవి. అవి పదిహేనేళ్ళు కాసేవి. కొట్టేసిన చెట్టుకు ధర కట్టారు గానీ ఇక ఎన్నడూ నాటలేని చెట్టుకు ధర ఎవరు కట్టారు? ఎల్‌బీనగర్ నుంచి చౌటుప్పల్ దాకా రోడ్డు పక్కన బోర్డులు చూడండి, భూమి గజాల్లో అమ్ముతున్నారు. పక్క సర్వే నంబరు వాడు గజాల్లో అమ్ముకుంటుంటే పైపు పోయిన సర్వే నంబరును ఎకరాల్లో కూడా కొనేవాడుండడు. పరిహారం సరిపోకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళే హక్కు పదో సెక్షనే ఇచ్చింది. ఈ సంగతి తెలిసినవారు మన గ్రామ కమిటీల్లోనే తక్కువ.

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చినప్పుడు చాలా ఆశపడ్డాం. సామాజిక ప్రభావ అంచనా, గ్రామసభ, నాలుగు రెట్ల దాకా పరిహారం అన్నారు. ఆ చట్టం చివర నాలుగో షెడ్యూల్ అని ఒక జాబితా ఉంది: ఈ చట్టానికి బయట నిలబెట్టిన పాత చట్టాల జాబితా. అందులో 1962 పైపులైన్ల చట్టం కూడా ఉంది.

శిక్షల సంగతీ చూద్దాం. 2011లో ఈ చట్టాన్ని సవరించి, పైపుకు కావాలని హాని చేసినవారికి, పైపులోంచి దొంగిలించినవారికి శిక్షలు బాగా పెంచారు. పైపుకు చిల్లు పెట్టి పెట్రోలు దొంగిలించే ముఠాలున్నాయి, వాళ్ళను శిక్షించాల్సిందే. కానీ తుప్పు కూడా పైపుకు చిల్లు పెడుతుంది. ఆ చిల్లు పడనిచ్చినవాడికి ఆ చట్టంలో ఏ శిక్షా లేదు.

కంపెనీల వాదన మనకు తెలియనిది కాదు. పైపు వివరాలు బయటపెడితే దొంగలకు, విద్రోహులకు దారి చూపినట్టవుతుందంటారు. పైపు ఎక్కడ ఉందో దాచిపెట్టడం వీలయ్యే పని కాదు. ప్రతి పొలం గట్టున పసుపు, ఎరుపు రంగుల్లో కంపెనీ పేరుతో రాయి పాతి ఉంటుంది. దొంగకు కావాల్సింది ఆ రాయే. రైతు అడుగుతున్నది రాయి సంగతి కాదు, పైపు ఆరోగ్యం సంగతి. పైపు గోడ ఎక్కడ పల్చబడిందో తెలిసి దొంగ చేసేదేముంది? తెలిస్తే ఊరు మేల్కొంటుంది, ఊరు మేల్కొంటే కంపెనీ ఖర్చు పెట్టాల్సి వస్తుంది. అసలు భయం అక్కడుంది.

గ్యాసు వద్దని, పైపులు వద్దని మనం అనడం లేదు. అనలేం కూడా. మనం చల్లే యూరియా గ్యాసుతోనే తయారవుతుంది. 1999లో మూతపడ్డ రామగుండం ఎరువుల కర్మాగారం మళ్ళీ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిందంటే పైపులో గ్యాసు వచ్చింది కనుకనే. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం దానిది. యూరియా బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టిన రైతుకు ఆ పైపు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. నగరం ప్రమాదం తర్వాత ఆ ప్రాంతపు గ్యాస్ లైన్లు ఆపేయాల్సి వచ్చి, కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారానికి గ్యాసు అందక అక్కడ యూరియా ఉత్పత్తి నిలిచిపోయింది. ఒక చోట తుప్పు పట్టిన పైపు కోనసీమలో మనుషులను చంపి, మిగతా జిల్లాల రైతుకు ఎరువు కూడా లేకుండా చేసింది. పైపు బాగుండాలని కోరుకోవడంలో కంపెనీ కంటే రైతుకే ఎక్కువ స్వార్థం ఉంది.

హైదరాబాద్ తూర్పు వైపు కాలనీల్లో ఉంటున్న మన సభ్యుల కుటుంబాలు కూడా ఈ విషయం పట్టించుకోవాలి. నగరంలో ఆటోలకు సీఎన్‌జీ, ఇళ్ళకు పైపు గ్యాసు ఇచ్చేది భాగ్యనగర్ గ్యాస్ సంస్థ. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి పెట్టినది. వీధుల్లో వేసే చిన్న పైపులు ప్లాస్టిక్‌వి, వాటికి తుప్పు పట్టదు. వాటికి గ్యాసు తెచ్చే పెద్ద లైన్లు మాత్రం ఉక్కువే. ఇంకో తేడా ఉంది. ఇంటి గ్యాసులో ఘాటైన వాసన కలుపుతారు, లీకైతే ముక్కు పసిగట్టేస్తుంది. పొలాల కింద దూరాలకు పోయే పెద్ద పైపుల్లోని గ్యాసులో మామూలుగా ఆ వాసన కలపరు. ఊళ్ళో మనిషికి ముక్కు కూడా సాయం రాదు.

అందుకని పైపు పోయే పొలాల రైతులు కొన్ని గుర్తులు మనసులో పెట్టుకోవాలి. పైపు దారిన పచ్చని గడ్డి మధ్య ఒక చోట మాత్రమే ఎండిపోయినా, పంట పసుపు తిరిగినా అనుమానించండి. లీకయిన గ్యాసు మట్టిలోని గాలిని తోసేసి వేర్లకు ఊపిరి ఆడనివ్వదు. నాటు మడిలో నిలిచిన నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తున్నా, బుస్సుమని చప్పుడు వినబడినా, మట్టి ఎగజిమ్మినా ఆ చోటు వదిలి గాలి వీచే దిక్కుకు ఎదురుగా నడవండి. బీడీ ముట్టించొద్దు, బండి స్టార్టు చేయొద్దు. ముఖ్యంగా మోటారు స్టార్టరు నొక్కొద్దు, ఆ నిప్పురవ్వ చాలు. ఫోను కూడా దూరం వెళ్ళాకే తీయండి. గట్టున ఉన్న కంపెనీ రాయి మీద ఫోను నంబరు ఉంటుంది, దాన్ని ఇవాళే మీ ఫోనులో రాసుకోండి, ఆ రోజు వెతుక్కునే వ్యవధి ఉండదు. 112కూ చెప్పండి. ఇంకొక మాట: పొలంలో చిన్న స్తంభాలు, వాటిలోకి తీగలు కనబడతాయి. బయటి తుప్పు పట్టకుండా పైపుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చే ఏర్పాటు అది. దున్నేటప్పుడు అడ్డమని వాటిని పీకేవాళ్ళు, లోపలి రాగి కోసం కోసుకుపోయేవాళ్ళు కొన్ని చోట్ల ఉన్నారు. ఆ తీగ పోతే తినబడేది మన పొలం కింది పైపే. అలాగే పైపు పట్టీ దగ్గర జేసీబీ దించేముందు కంపెనీకి చెప్పకుండా ఒక్క బకెట్ మట్టి కూడా తీయనివ్వొద్దు.

ఇక ప్రభుత్వాన్ని, నియంత్రణ బోర్డును మనం అడగాల్సినవి. పైపు పోయే ప్రతి గ్రామంలో ఏడాదికొకసారి గ్రామసభ ముందు కంపెనీ ఇంజినీరు నిలబడి, ఈ ఊరి హద్దులో పైపును ఎప్పుడు పరీక్షించారు, ఏం కనబడింది, ఏం మరమ్మతు చేశారు అన్నది తెలుగులో చెప్పాలి, కాగితం పంచాయతీలో పెట్టాలి. తడి గ్యాసు ఆరబెట్టకుండా పైపులోకి పంపితే దాన్ని నేరంగా చట్టంలో రాయాలి. పది శాతం ఒక్కసారి ఇచ్చే పద్ధతి పోయి, పైపు భూమిలో ఉన్నన్నాళ్ళూ ఏటా అద్దె కట్టాలి. సెల్ టవర్ పెట్టుకున్న కంపెనీ నెలనెలా అద్దె కడుతోంది. లక్షల లీటర్ల ఇంధనం, కోట్ల రూపాయల గ్యాసు మోసే పైపుకు ఎందుకు ఉండదు? ఏటా డబ్బు చెల్లించాల్సి వస్తే ఏటా ఆ పొలం వైపు చూడాల్సీ వస్తుంది. మనకు డబ్బు కన్నా ఆ చూపు ముఖ్యం.

ఇవన్నీ చట్టం మారితే జరిగేవి. చట్టం మారేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. యాదాద్రి భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లా కమిటీలు ఈ నెలలో ఒక పని పెట్టుకోవాలి. మీ మండలంలో ఏ ఏ పైపులు పోతున్నాయో ఊరి వారీగా రాయండి: విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వచ్చే హిందుస్థాన్ పెట్రోలియం లైనా, పారాదీప్ నుంచి హైదరాబాద్ వచ్చే ఇండియన్ ఆయిల్ లైనా, కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పోయే గ్యాస్ లైనా అని. గట్టున రాయి చూస్తే తెలుస్తుంది. తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వరంగ సంస్థల పైపులైతే నేరుగా ఆ సంస్థకే. కాకినాడ-భరూచ్ లైను రిలయన్స్ వేసినది, ఇప్పుడు వేరే ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంది కనుక దాని సంగతి ఢిల్లీలోని నియంత్రణ బోర్డును అడగాలి. ప్రైవేటు సంస్థ నుంచి బోర్డు తెప్పించుకోగల సమాచారాన్నీ అడిగే వీలు ఆ చట్టంలోనే ఉంది.

దరఖాస్తులో ప్రశ్నలు పొట్టిగా రాయండి. మా గ్రామ హద్దులో పైపు వేసిన సంవత్సరం ఏది? లోపలి తుప్పు కొలిచే పిగ్‌ను చివరిసారి పంపిన తేదీ ఏది? గోడ మందం ఎంత శాతం తగ్గిన చోట్లు మా హద్దులో ఎన్ని ఉన్నాయి? ఇంతవరకు ఎన్ని చోట్ల క్లాంపు వేశారు, పైపు ముక్క మార్చారు? అత్యవసరమైతే గ్యాసు ఆపే వాల్వు ఏ ఊళ్ళో ఉంది, అక్కడికి మనిషి చేరడానికి ఎంత సేపు? ప్రాణానికి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలన్న ఏడో సెక్షన్ మాటను దరఖాస్తు పైన పెద్ద అక్షరాలతో రాయండి. వాణిజ్య రహస్యమని తిరస్కరిస్తే ఆ ఉత్తరాన్ని చించేయకుండా దాచి, మొదటి అప్పీలు 30 రోజుల్లో వేయండి. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ సంఘం ఆఫీసుకు పంపండి. జిల్లా వారీగా వచ్చే సంచికలో అచ్చువేస్తాం.